మేడం లెక్కలో తొమ్మిదే

మా పీఈటీ మేడం పోయారు. వాళ్లమ్మాయి ఫోన్ చేసి ఆ మాట చెప్పినప్పుడు నేను స్టేడియంలో, ఆ సాయంత్రం ఆడబోయే క్రీడాకారిణుల జెర్సీ నంబర్లు సరిచూసుకుంటున్నాను. "గుండెపోటక్కా. పొద్దున కాఫీ తాగి కూర్చున్నారు, అంతే," అంది. వస్తున్నానని చెప్పి పెట్టేశాను. మొదట నాకు వచ్చింది ఏడుపు కాదు. అమ్మయ్య, ఇంక ఆవిడ నన్నేమీ అడగరు అనిపించింది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ ఇది దాచి మిగతావి రాస్తే, ఆవిడ గురించి రాశానని చెప్పుకునే హక్కు నాకు ఉండదు.

గుడివాడలో మా స్కూలు బాస్కెట్‌బాల్ జట్టులో నేను దేనికీ పనికిరాని పిల్లని. పొడవు లేదు, రెండు అడుగులు పరిగెత్తితే ఆయాసం. ఇంటికి పంపేస్తారనుకుంటే మేడం తన పక్కన బెంచీ మీద కూర్చోబెట్టుకుని అట్ట, కాగితం, పెన్సిలు చేతికిచ్చారు. "నీ చేతిలో బంతి నిలవదు గానీ, నీ చూపు మాత్రం బంతిని వదలదమ్మా. రాయి," అన్నారు. ఆ మాట మీదే నేను ఇంతవరకూ అన్నం తింటున్నాను.

మిగతా స్కూళ్లవాళ్లు ఎవరెన్ని పాయింట్లు వేశారో రాసుకుని ఊరుకునేవాళ్లు. మేడం కాగితంలో ప్రతి పిల్లకీ ఒక వరుస ఉండేది. ఎన్నిసార్లు గురిపెట్టింది, ఎన్ని పడ్డాయి, గురి తప్పి వెనక్కొచ్చిన బంతిని, అంటే రీబౌండుని, ఎవరు అందుకున్నారు, ఎవరి చేతిలోంచి బంతి జారింది, అన్నీ రాయాల్సిందే. ఆటైపోయాక బందరు నుంచి గుడివాడ వచ్చే బస్సులో బుగ్గన లవంగం పెట్టుకుని ఆ కాగితం పైకి చదివేవారు. ఒక్క పాయింటు కూడా వేయని పిల్లతో మొదలుపెట్టేవారు. ఎక్కువ పాయింట్లు వేసిన పిల్ల మూతి ముడుచుకుంటే, "నీ సంగతి రేపు ఊరంతా చెప్పుకుంటారు గానీ, కాసేపు కూర్చోవే," అనేవారు.

ఒకసారి బందరులో మా కెప్టెన్ ఇచ్చిన పాస్ అందుకుని, చల్లపల్లి నుంచి వచ్చి మా స్కూల్లో చదివే అమ్మాయి ఒకతి ఇద్దర్ని తప్పించుకుని బుట్టలో వేసింది. కెప్టెన్ రోజూ తన టిఫిన్ డబ్బాలోది నాకు పెట్టేది. ఆ విశ్వాసం కొద్దీ కెప్టెన్ వరుసలో ఒక అసిస్టు రాశాను. అంటే, పాయింటుకు కారణమైన పాస్ ఆమెదేనని. మేడం అరవలేదు.

"బంతి అందుకున్నాక ఆ పిల్ల ఎన్నిసార్లు నేలకి కొట్టింది?"

"నాలుగుసార్లండి."

"ఇద్దర్ని తప్పించింది ఎవరు?"

"ఆ అమ్మాయేనండి."

"మరి కష్టం ఎవరిది? చూసింది రాయమ్మా. నీకు ఇష్టమైంది కాదు."

తర్వాత నాకు ఒక ప్రొఫెషనల్ మహిళల లీగులో ఉద్యోగం వచ్చింది. కోర్టు పక్కన బల్ల దగ్గర ఇద్దరం కూర్చుంటాం. నేను చూసి చెబుతాను, పక్కనున్న కుర్రది లాప్‌టాప్‌లో కొడుతుంది. క్షణాల్లో అది టీవీలో, ఫోన్లలో కనిపిస్తుంది. రిటైరైన మేడం గుడివాడలో కూర్చుని ప్రతి మ్యాచ్ ఫోన్‌లో చూస్తూ తన కాగితం తను రాసేవారు. మర్నాడు పొద్దున్నే ఫోన్. "నీదీ నాదీ ఒకటే వచ్చిందమ్మా," అనేవారు. ఆ గొంతులో సంతోషం నేను సంపాదించిన ఏ సర్టిఫికెట్‌లోనూ లేదు.

ఐదు నెలల కిందట ఒక మ్యాచ్‌లో, ఆ ఊరి సొంత జట్టు స్టార్ ప్లేయర్ పాయింట్లలో, రీబౌండ్లలో పది దాటేసింది. అసిస్టులు తొమ్మిది దగ్గర ఆగాయి. అది కూడా పదైతే పెద్ద ఘనత. జట్టు మేనేజరు నా కుర్చీ వెనక్కొచ్చి, "ఒక్కటి పడితే పండగేనండి," అని నవ్వి వెళ్లాడు. చివర్లో ఆమె పాస్ ఇచ్చింది. అందుకున్న అమ్మాయి ఆగి, బంతిని నేలకి కొట్టి, ఒకర్ని తప్పించి తన కష్టంతో బుట్టలో వేసింది. నేను "అసిస్ట్" అన్నాను. పక్కనున్న కుర్రది నా మొహం కేసి ఒకసారి చూసి, కొట్టేసింది. స్టేడియం హోరెత్తిపోయింది. నేనూ చప్పట్లు కొట్టాను, సిగ్గు లేకుండా.

మర్నాడు పొద్దున్నే ఫోన్ వచ్చింది.

"నాకు తొమ్మిదే వచ్చాయమ్మా. ఆ చివరిది నువ్వు వేశావా?"

నిజం చెప్పడానికి అంతకంటే సులువైన సందర్భం ఉండదు. "ఫోన్‌లో సరిగ్గా కనపడదు మేడం. మీరు ఒకటి చూసుకోలేదేమో," అన్నాను.

"అయ్యుంటుందిలే. పెద్దదాన్నయ్యాను కదా," అన్నారు.

ఆ తర్వాత ఫోన్ చేసినా లెక్కల మాట ఎత్తలేదు. తిన్నావా, ఎండలో తిరుగుతున్నావా, అంతే. గ్రహించి క్షమించేశారని నాకు నేను చెప్పుకున్నాను. వీడియో చూసి అంకె మార్చమని లీగుకి ఒక మెయిలు పెడితే సరిపోయేది. పోయినవారం పెట్టాను, ఆవిడ సమాధి మీద మట్టి ఆరకముందే. బతికున్నన్నాళ్లూ పెట్టలేదు.

చర్చిలో ప్రార్థన, సమాధి అయ్యాక ఇంటికెళ్లాను. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయాక వాళ్లమ్మాయి అల్మారాలోంచి ఒక కళ్ళజోడు పెట్టె తీసింది.

"ఎవరికైనా పనికొస్తాయేమో అక్కా. నాలుగు నెలలు కూడా కాలేదు కొని. ఉన్నట్టుండి కళ్ళు కనపడట్లేదని ఒకటే గొడవ. డాక్టరు గారేమో పవర్ ఏం మారలేదండి అన్నారు. వింటేగా. 'ఆయనకేం తెలుసు, కోర్టు పక్కన కూర్చుని చూసిన పిల్ల చెప్పింది' అని పట్టుబట్టి కొత్తవి చేయించుకున్నారు. అవి పెట్టుకున్నా నమ్మకం రాలేదు. స్కూలు వాళ్లు టోర్నమెంటుకి రాయడానికి పిలిస్తే వెళ్లలేదు. ఈ కళ్ళతో ఏ పిల్లకి అన్యాయం చేస్తానో అన్నారు."

"మీ అమ్మగారి కళ్ళకి ఏమీ కాలేదు. తొమ్మిదే. నేనే అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆ అమ్మాయి తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. తను నా కేసి చూడకుండా కొత్త కళ్ళజోడు చీర కొంగుతో తుడిచింది. టీవీ పక్కన పాతది ఉంటే, దాని పక్కన పెట్టింది. రెండూ ఒకే పవర్.