మెరక చెక్క పైమట్టి

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, వేసవి మొదట్లో, నన్ను గుంటూరు నుంచి ప్రకాశం జిల్లాకి బదిలీ చేశారు. పర్చూరు, ఇంకొల్లు వైపు పల్లెల నుంచి వచ్చే మట్టిని పరీక్షించే ప్రయోగశాలకి సహాయ సంచాలకురాలిగా వేశారు. వ్యవసాయ శాఖలో మండలానికొక వ్యవసాయాధికారి, వాళ్ళ పైన డివిజనుకొక సహాయ సంచాలకుడు ఉంటారు. ప్రయోగశాల చూసేవాళ్ళదీ అదే హోదా గాని, పొలాల మీద పెత్తనం ఉండదు. రైతు తెచ్చిన మట్టిని పరీక్షించి, దేనికి లోటుందో చెప్పి, ఏ ఎరువు ఎంత వెయ్యాలో సిఫారసు రాయడంతో మా పని ముగుస్తుంది. పాటించడం, పాటించకపోవడం రైతు ఇష్టం.

నేను చేరిన కొద్దిరోజులకే సాంబశివరావు అనే రైతు రెండు గుడ్డసంచులతో వచ్చాడు. యాభై దాటిన మనిషి. పత్తి, మిరప పండిస్తాడు. సంచులు రెండూ నా బల్ల మీద పెట్టి, ఒకటి పొలం పైమట్టి అనీ, రెండోది మోకాలిలోతు తవ్వి తీసిందనీ చెప్పాడు.

"ఈ రెంటికీ తేడా ఉందేమో చూసి చెప్పండి మేడం గారూ. నా కంటికైతే ఏం కనపళ్ళేదు."

నా కంటికీ కనపడలేదు. రెండూ నల్లగానే ఉన్నాయి. మా ప్రాంతపు రేగడి నేలలతో వచ్చే చిక్కే అది. మనిషిలోతు తవ్వినా నలుపు తగ్గదు. ఆ నలుపు చాలావరకు అక్కడి బంకమట్టి స్వభావం వల్ల వచ్చిందే. ఆకులు, వేళ్ళు, పేడ కుళ్ళి నేలలో మిగిలిన పదార్థాన్ని మేం సేంద్రియ కర్బనం పేరుతో కొలుస్తాం. రేగడిలో దాన్ని రంగు చూసి అంచనా వెయ్యడం కుదరదు.

ఇంతకీ ఈ పరీక్ష దేనికని అడిగితే అతను అసలు సంగతి చెప్పాడు. అతని నాలుగెకరాలు సాగర్ కుడి కాలువ చివరి భూముల్లో ఉన్నాయి. అందులోనూ మెరక. పక్కనే తమ్ముడు కోటేశ్వరరావు పొలం పల్లంలో ఉండటంతో దానికి కాలువ నీళ్ళు వాటంతటవే పారతాయి. ఇతని పొలం చెక్కకి మాత్రం ఎక్కవు. ప్రతి తడికీ ఆయిల్ ఇంజను పెట్టి తోడుకోవాలి. వంతు వచ్చిన పూట ఇంజను మొరాయిస్తే ఆ తడి పోయినట్టే. ఇలా ఉండగా, రోడ్డుకట్టకి మట్టి వెతుకుతున్న ఒక కాంట్రాక్టరు ఆ చెక్కను చూశాడు. రెండడుగుల మట్టి తీసుకుపోతానన్నాడు. రెండడుగులు దిగితే నీళ్ళు పారతాయి. సాంబశివరావుకి అంతకంటే కావలసింది లేదు.

తమ్ముడు వద్దన్నాడు. తండ్రి హయాం నుంచీ ఏటా ఎరువుకి గొర్రెల మంద కట్టించి బాగుచేసుకున్న నేలను లారీలకెత్తడమేమిటన్నాడు. మాటా మాటా పెరిగి అన్నదమ్ములు మాట్లాడుకోవడం మానేశారు.

"కింద మట్టి కూడా పైదానిలాంటిదేనని మీరొక కాగితం రాసిచ్చారంటే వాడి నోరు మూయిస్తానండి," అన్నాడు సాంబశివరావు.

చేతికందిన చోట తవ్వి తెచ్చిన మట్టితో ఆ మాట తేల్చలేనని చెప్పి, మర్నాడు నేనే వెళ్ళాను. పొలం మధ్య రొమ్ములోతు గొయ్యి తవ్వించాను. ఇలాంటి గోతిలో నమూనాలు అడుగు నుంచి పైకి తీసుకుంటూ రావాలి. పైనుంచి మొదలుపెడితే పైమట్టి రాలి కింది నమూనాలో కలుస్తుంది. గోతి గోడని చాకుతో చెక్కితే పైన ఒక అడుగు దాకా మట్టి అటుకుల్లా విడిపోయింది. వేళ్ళున్నాయి, వానపాములు తిరిగిన సన్నటి బెజ్జాలున్నాయి. ఆ కింద గడ్డ బిగిసిపోయి, చెక్కిన చోటల్లా నున్నగా మెరిసింది. ఇంకా కిందకి తెల్లటి సున్నపు గులకలు కనిపించాయి. కోటేశ్వరరావు తన గట్టు మీదే నిలబడి ఇదంతా చూశాడు. గట్టు దాటి ఇటు రాలేదు.

నమూనాలను నీడలో ఆరబెట్టి, కొయ్య సుత్తితో నలగ్గొట్టి, జల్లించి పరీక్ష చేశాం. కర్బనం పరీక్షకి మట్టిలో నారింజ రంగు ద్రావణం ఒకటి, గాఢమైన ఆమ్లం కలుపుతాం. మట్టిలో కర్బనం ఎంతుంటే నారింజ రంగు అంతగా ఆకుపచ్చకి తిరుగుతుంది. మిగిలిన ద్రావణాన్ని కొలిచి లెక్క కడతాం. అర శాతం లోపుంటే తక్కువ కిందా, ముప్పావు శాతం దాకా మధ్యస్థం కిందా రాస్తాం. సాంబశివరావు పైమట్టి మధ్యస్థంలో పడింది. ఒక అడుగు లోతు దాటాక తీసిన నమూనాలన్నీ తక్కువలోనే ఉన్నాయి. పైగా లోతుకి వెళ్ళేకొద్దీ చౌడు గుణం పెరుగుతోంది.

ఫలితం కోసం వచ్చినప్పుడు అతనికి పరీక్ష చేసిన రెండు గాజు కుప్పెలూ చూపించాను. పైమట్టిది ఆకుపచ్చగా మారింది, కింది మట్టిది నారింజగానే ఉంది. అతను వాటినీ నన్నూ మార్చి మార్చి చూసి, మీ మందులు ఏ రంగైనా తెప్పిస్తాయి గదండీ అన్నాడు. సరేనని రెండు గ్లాసుల్లో మంచినీళ్ళు పోయించి, పైమట్టి పెళ్ళ ఒక దాంట్లో, కింది మట్టి పెళ్ళ ఇంకో దాంట్లో అతని చేతే వేయించాను. పైమట్టి పెళ్ళ అంచులు కాస్త రాలినా నిలబడింది. కింది పెళ్ళ చూస్తుండగానే కరిగి, నీళ్ళు మురికిగా మారాయి. వాన పడ్డప్పుడు పొలంలో జరిగేదీ ఇదేననీ, కరిగిన బంకమట్టి పేరుకుపోయి మొలకని పైకి రానివ్వదనీ, నీళ్ళని లోపలికి దిగనివ్వదనీ వివరించాను.

అతను కింది మట్టి గ్లాసుని పక్కకి జరిపాడు.

"సరేనండి. మట్టి తియ్యను. మరి నా నీళ్ళ సంగతేంటి?"

మేమిచ్చే కాగితంలో దానికి గడి లేదు. నీటిపారుదల మా శాఖ కాదు. అయినా అతను అడిగిందాంట్లో తప్పేమీ లేదు. నాలుగు రోజులు ఆలోచించి అతన్ని పిలిపించి ఒక మార్గం చెప్పాను. ముందు పైన ఒక అడుగు మట్టి గీకి పొలం అంచున కుప్ప పోయాలి. కాంట్రాక్టరు ఆ కిందనుంచి రెండడుగులు తీసుకోవాలి. తరవాత కింద తేలిన నేలని లోతుగా దున్ని వదులుచేసి, కుప్ప పోసిన పైమట్టిని మళ్ళీ పరవాలి. అప్పుడు పొలమూ దిగుతుంది, పైమట్టీ పైనే ఉంటుంది. మట్టి తరలింపుకి కావలసిన అనుమతులు గనుల శాఖవీ రెవెన్యూవాళ్ళవీ గనక అవి తనే చూసుకోవాలని కూడా చెప్పాను.

కాంట్రాక్టరుకిది రుచించలేదు. ఒకే మట్టిని రెండుసార్లు కదిలించాలి గదా. అయినా మట్టి అవసరం కొద్దీ నా ఎదుటే ఒప్పుకున్నాడు. ముందు రెండెకరాల్లో చేసి చూద్దామనుకున్నారు. మొదటిరోజు నేను కూడా వెళ్ళాను. పొక్లెయినుతో పైఅడుగు గీకి గట్టు పక్కన బారుగా కుప్ప పోశారు. పని చెప్పినట్టే జరిగింది.

రెండోరోజు సాంబశివరావు మిరప టిక్కీ బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి పోయాడు. ఆ మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

"నేను కోటేశ్వరరావునండి, సాంబశివరావు తమ్ముణ్ణి. మా అన్న ఫోనెత్తట్లేదు. మీరు పక్కన పోయించిన పైమట్టిని ఎత్తేస్తున్నారండీ."

నేను వెళ్ళేసరికి అతను తన మోటారు సైకిలు దారికడ్డంగా పడేసి, మట్టి నిండిన టిప్పరు ముందు నిలబడి ఉన్నాడు. అప్పటికే సగం కుప్ప తరలిపోయింది. కారణం పెద్దదేం కాదు. కుప్పగా పోసిన మట్టి వదులుగా ఉంటుంది, బకెట్టుకి తేలిగ్గా వస్తుంది. కింద నేల బిగువు, గంటలు పడుతుంది. ఆ రోజు పంపాల్సిన లోడ్లు త్వరగా తేలిపోతాయని డ్రైవర్లు కుప్ప మీద పడ్డారు.

"మట్టి మట్టే గదండీ. ఏదైతే ఏంటి? లోతు కొలతకి సరిపోతుందిగా," అన్నాడు కాంట్రాక్టరు తరఫున అక్కడున్న మనిషి.

"మట్టి మట్టే అయితే ఆ గుంటలోది తవ్వుకో! ఈ కుప్ప మీద ఇంకొక్క బకెట్టు పడిందంటే బండి నా మీదనుంచి పోవాల్సిందే," అన్నాడు కోటేశ్వరరావు. అతని గొంతు చుట్టుపక్కల పొలాల దాకా వినపడింది. కూలీలు పని ఆపి గట్ల మీదకొచ్చారు.

బండ్లు ఆపించే అధికారం నాకు లేదు. ఆ మాట దాచలేదు. అయితే ఒప్పందం నా ఎదుటే జరిగిందనీ, జరిగింది జరిగినట్టు జిల్లా అధికారులకి రాతపూర్వకంగా పంపుతాననీ చెప్పాను. కాంట్రాక్టరు మనిషి పక్కకెళ్ళి ఫోన్లో మాట్లాడొచ్చి, టిప్పర్లని వెనక్కి తిప్పమన్నాడు. అప్పటికే పోయిన మట్టి ఎక్కడుందని అడిగితే, రోడ్డుకట్టలో పోసి రోలరు తొక్కించేశారని తేలింది. ఇక అది తిరిగి వచ్చే మార్గం లేదు.

పొద్దు వాలుతుండగా సాంబశివరావు బస్సు దిగి నేరుగా పొలానికొచ్చాడు. మిగిలిన కుప్ప చుట్టూ ఒకసారి నడిచాడు. తమ్ముడి దగ్గరికెళ్ళి ఆగాడు.

"ఎప్పట్నించి నిలబడ్డావురా ఇక్కడ?"

"మధ్యాహ్నం నించి."

"అన్నం తిన్నావా?"

"లేదు."

"పద. మీ వదిన వండే ఉంటది."

ఇద్దరూ ఒకే బండి మీద వెళ్ళారు.

మొదలుపెట్టిన రెండెకరాల్లో కింది మట్టి తీయించి పని ముగించాక, మిగిలిన పైమట్టిని పరిస్తే ఎకరం మేరకే వచ్చింది. రెండో ఎకరానికి కింది నేలే పైనేల అయింది. తక్కిన రెండెకరాల జోలికి రావద్దని సాంబశివరావు కాంట్రాక్టరుకి చెప్పేశాడు. ఆ విధంగా ఒకే పొలంలో మూడు రకాల నేలలు పక్కపక్కన మిగిలాయి. ఒకే రైతు, ఒకే విత్తనం, ఒకే వాన. ఏ పరిశోధనా స్థానంలోనూ నేల మీద ఇలాంటి దెబ్బ కొట్టి ప్రయోగం పెట్టరు. నేను ప్రతి వేసవీ అవే చోట్ల నమూనాలు తీయడం మొదలుపెట్టాను.

ఆ ఏడు దించిన రెండెకరాలకీ నీళ్ళు వాటంతటవే పారాయి. పైమట్టి తిరిగి పరిచిన ఎకరంలో పత్తి, ముట్టుకోని నేలలో ఉన్నంత బాగానే ఉంది. పైమట్టి పోయిన ఎకరంలో విత్తనం పల్చగా మొలిచింది. మొక్క మోకాలెత్తుకి వచ్చి ఎర్రబారి ఆగిపోయింది. నీళ్ళు పెడితే పైనే నిలిచాయి. ఆరితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చాయి. సాంబశివరావు ఊరుకోలేక యూరియా మీద యూరియా వేశాడు. ఫలితం లేదు.

రెండో ఏడు నుంచి ఆ ఎకరంలో పత్తి మానేయమన్నాను. పచ్చిరొట్ట ఎరువు కోసం జీలుగ చల్లి పూత దశలో కలియదున్నారు. తరవాత పిల్లిపెసర వేశారు. కోటేశ్వరరావు తన పశువుల ఎరువు తోలాడు. సాంబశివరావు భార్య అనసూయమ్మ గొర్రెలవాళ్ళని దారిలోనే ఆపి, వాళ్ళు పక్క ఊరికి మాటిచ్చామన్నా వినకుండా, మందని ముందు తన చెక్కలో కట్టించింది. అంతకుముందు ఏటా పత్తి కట్టె, మిరప కట్టె పోగేసి తగలబెట్టేవాళ్ళు. ఇప్పుడు యంత్రంతో ముక్కలు చేయించి నేలలో కలపడం మొదలుపెట్టారు.

మొదటి రెండేళ్ళూ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నేనే దగ్గరుండి పరీక్ష మళ్ళీ చేయించాను. అదే అంకె వచ్చింది. ఆ సంగతి చెబితే సాంబశివరావుకి కోపమొచ్చింది.

"ఇంత ఎరువు తోలితే కదల్లేదంటారేంటండీ? ఎక్కడికి పోయిందది?"

వేసిన దాంట్లో ఎక్కువ భాగం మా ఎండలకి ఏడాది తిరక్కుండానే కరిగి గాల్లో కలిసిపోతుందనీ, మట్టిరేణువులకి అంటుకుని నిలిచేది కొద్దిగానేననీ చెప్పాను. అతను ఆ ఎకరాన్ని బీడుగా వదిలేస్తానన్నాడు. అనసూయమ్మ ఒప్పుకోలేదు. మూడో ఏడు నాగలి వెనక మట్టి పెళ్ళలుగా లేవకుండా విరగడం కనిపించింది. కర్బనం అంకె కదలకముందే నేల పొందిక మారుతుందని చదువుకున్నాను గాని, పొలంలో చూడటం అదే మొదటిసారి. ఆ తరవాతి ఏడు అంకె కూడా కొద్దిగా పెరిగింది. నేను పదవీ విరమణ చేసే నాటికి అక్కడ పత్తి పండుతోంది. దిగుబడి పక్క ఎకరం కంటే తక్కువే. కర్బనం కూడా అంతే.

దించకుండా వదిలేసిన మెరక రెండెకరాలకి అన్నదమ్ములు కలిసి కాలువ దగ్గర మోటారు బిగించి, కోటేశ్వరరావు పొలంలోంచి పైపు వేసుకున్నారు. మాట్లాడుకోవడం మానకపోయి ఉంటే ఆ పని మొదటే అయ్యేది.

ఈ ఉదంతం నా ఉద్యోగంలో రెండు పద్ధతులు మార్చింది. ఆ తరవాత ఎవరు సంచి తెచ్చినా, మట్టి తీసుకునే ముందు పరీక్ష దేనికని అడగమని సిబ్బందికి చెప్పాను. రైతు మట్టి గురించి అడుగుతున్నా, అతని అవసరం నీళ్ళతోనో కూలీలతోనో ముడిపడి ఉండొచ్చు. పొలం దించుకోవాలని వచ్చినవాళ్ళకి పైమట్టి విడిగా పొయ్యమని చెప్పడంతో సరిపెట్టలేదు. దాన్ని తిరిగి పరిచేదాకా ఇంటి మనిషి ఒకరు అక్కడే ఉండాలని సిఫారసులోనే రాశాను. ఇక నేల విషయానికొస్తే, ఆ ఎకరంలో కర్బనం పోవడానికి ఒక్క పూట పట్టింది. పూర్తిగా తిరిగి రావడానికి ఎంతకాలం పడుతుందో చెప్పలేను. నా సర్వీసు అంతకు ముందే అయిపోయింది.