తోక కనిపించని బండి

మా వదినకు మొహమాటం లేదు. బండి తెచ్చినవాడు ఎంత పెద్దమనిషైనా, తప్పు అతనిదైతే మొహం మీదే చెప్పేస్తుంది. "బండికి ఏమీ కాలేదండీ, మీరు నడపడమే సరిగ్గా లేదు" అని ఆవిడ ఒకాయనతో అన్న రోజున మా అన్నయ్య తల పట్టుకున్నాడు. ఆయన మాత్రం మళ్ళీ మా షెడ్డుకే వచ్చాడు.

అన్నయ్యది ఇంజను పని, నాది వెల్డింగు. వదిన ఈ షెడ్డులోకి వచ్చింది సీటు కవర్లు కుట్టడానికి. ఒకసారి ఎలుకలు వైర్లన్నీ కొరికేసిన కారొకటి వచ్చింది. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు చూసి చేతులెత్తేశారు. వదిన కుట్టుమిషను ముందు నుంచి లేచి, "నన్నొకసారి చూడనివ్వండి" అంది. నేను పగలబడి నవ్వాను. ఆవిడ నాలుగు రోజులు ఆ వైర్ల కట్ట ముందు కూర్చుని, ఒక్కో వైరుకీ ఒక్కో గుడ్డపీలిక ముడేసి, ఐదో రోజు హారన్ మోగించింది. పద్నాలుగేళ్ళుగా వైరింగు పని ఆవిడది, నోరు మూసుకునే పని నాది.

డ్రైవింగు మాస్టారి ఎర్ర కారు మా దగ్గరకు వచ్చింది ఒక బుధవారం. ముప్పై ఏళ్ళపాటు ఊళ్ళో సగం మందికి, నాతో సహా, ఆయనే డ్రైవింగు నేర్పారు. రిటైరయ్యాక ముచ్చటపడి కొనుక్కున్న రెండు సీట్ల స్పోర్ట్స్ కారు అది. ఏడాది తిరక్కుండానే ఆయన కాళ్ళు పడిపోయాయి. ఇప్పుడు బ్యాటరీతో నడిచే చక్రాల కుర్చీ లేనిదే కదల్లేరు. ఆ కుర్చీ ఆ కారు డిక్కీలో పట్టదు. ఎనిమిది నెలలుగా ఆయన గుమ్మం దాటలేదు.

కారు తెచ్చింది ఆయన భార్య. "చిన్న ట్రైలర్ తగిలించి అందులో కుర్చీ వేసుకెళదామంటే, నా బండికి తోక పెడతావా, అంతకన్నా అమ్మేయడం మేలంటున్నారమ్మా" అందావిడ. "శనివారం కొనేవాళ్ళు వస్తున్నారు. ఇది కూడా పోతే ఆయనిక బయటికే రారు."

నేను వంగి చూసి, "అబ్బే, నేలకి జానెడెత్తు కూడా లేదు. బంపర్ కోయకుండా కుదరదు" అన్నాను.

"దాన్ని కోశావంటే నీ చెయ్యి కోస్తాను" అంది వదిన.

ముందు కారు పుస్తకం తీసి అది ఎంత బరువు లాగొచ్చో చూసింది. కుర్చీ, ట్రైలర్ కలిపినా అందులో సగం లేదు. తరవాత బంపర్ ఊడదీయించింది. లోపల కంపెనీవాళ్ళు వదిలిన బోల్టు కన్నాలున్నాయి. వాటికి సరిపోయే అడ్డకమ్మీ తెప్పించి బిగించాం. ట్రైలర్ తగిలించే కొక్కేన్ని కింది నుంచి దూర్చి తిప్పితే బిగుసుకుంటుంది, పనయ్యాక ఊడదీసి సీటు వెనక పెట్టుకోవచ్చు. ట్రైలర్ లైట్ల వైరు గుచ్చే సాకెట్ ఉన్న రేకు కూడా మడిచేస్తే బంపర్ వెనక్కి పోతుంది. నాకు కోయడానికి ఏమీ మిగల్లేదు. నిజం చెప్పొద్దూ, కాస్త ఒళ్ళు మండింది.

వైరింగు ఇంకా చాదస్తం. ఈ కార్లలో ఒక చిన్న కంప్యూటరుంటుంది. వెనక లైటు వైరుకి ట్రైలర్ వైరు అతికిస్తే బల్బు పాడైందని గోల పెడుతుంది. అందుకని వదిన వేరే పెట్టె ఒకటి అమర్చి, దానికి తిన్నగా బ్యాటరీ నుంచి, మధ్యలో ఫ్యూజు వేసి, కరెంటు తెచ్చింది. సైలెన్సర్ వేడి తగలకుండా వైర్లను దూరంగా తిప్పి, తొడుగు వేసి, జానకొకచోట కట్టింది. "బంపర్ వెనక ఎవడు చూస్తాడు వదినా?" అన్నాను. "రేపు విప్పేవాడు చూస్తాడు" అంది.

శుక్రవారం నేను కారు కింద పడుకుని, "ఎడమ ఇండికేటర్ కలిపేశా!" అని అరిచాను.

"ఎవరి ఎడమ?" అంది వదిన పై నుంచి.

వెల్లకిలా పడుకున్నవాడి ఎడమ బండికి కుడి అవుతుంది. అందుకే మా షెడ్డులో ఎడమ, కుడి అనకూడదు. స్టీరింగు వైపు, పక్క సీటు వైపు అనాలి. ఆ రూలు పెట్టింది వదిన, పెట్టించింది నా బుర్ర. విప్పి మళ్ళీ కలిపాను.

శనివారం పొద్దున మాస్టారిని ఆయన భార్య అద్దె వ్యానులో తీసుకొచ్చింది. కొనేవాళ్ళను కూడా షెడ్డుకే రమ్మన్నారట. ఆయన కుర్చీలో కారు చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఏదీ? ఎక్కడ పెట్టారు?" అన్నారు. వదిన కొక్కెం దూర్చి, సాకెట్ కిందికి దించి, నిమిషంలో ట్రైలర్ తగిలించింది. మళ్ళీ నిమిషంలో అంతా తీసి చూపించింది.

"బ్రహ్మాండం!" అన్నారు మాస్టారు. "అయితే అమ్మేటప్పుడు కొనేవాడికి తెలియనే తెలియదు."

ఆయన భార్య మొహం వాడిపోయింది. నాకైతే ఆయన్ని కుర్చీతో సహా కుదిపేయాలనిపించింది.

వదిన ట్రైలర్ మళ్ళీ తగిలించింది. "ఎండలో లైట్లు కనిపించవు మాస్టారూ, షెడ్డు నీడలోకి రివర్స్‌లో తేవాలి. ట్రైలర్ ఉంటే నాకు రివర్స్ రాదండీ" అంది.

పద్నాలుగేళ్ళలో ఆవిడ నోట అబద్ధం వినడం అదే మొదలు. పడవల ట్రైలర్లను ఒక్క చేత్తో సందులోకి తోసే మనిషి! నేను నోరు తెరిచాను. వదిన చూసిన చూపుకి టక్కున మూసేశాను.

"నాకూ రాదు" అంది మాస్టారి భార్య.

"ఇంతమందిలో ఒక్కరికీ రాదా!" అని మాస్టారు విసుక్కున్నారు. "నన్నెత్తి పక్క సీట్లో కూర్చోబెట్టండి."

అన్నయ్యా నేనూ ఎత్తి కూర్చోబెట్టాం. ముప్పై ఏళ్ళు ఆయన పని చేసింది పక్క సీట్లోనే. భార్య స్టీరింగు ముందు కూర్చుంది.

"స్టీరింగు కింది భాగం పట్టుకో. ట్రైలర్ ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. అద్దం చూడవోయ్, నా మొహం కాదు!"

మొదటిసారి ట్రైలర్ అడ్డం తిరిగింది. రెండోసారీ అంతే. మూడోసారి తిన్నగా వస్తుండగా, గేటు దగ్గర ఒకాయన అడ్డంగా నిలబడి, "అమ్మే కారు ఇదేనాండీ?" అని అడిగాడు.

మాస్టారి భార్య బ్రేకు వేసింది.

మాస్టారు కిటికీలోంచి తల బయట పెట్టారు. "అమ్మడం లేదండీ. కాస్త పక్కకి తప్పుకోండి, ఇక్కడ క్లాసు జరుగుతోంది." తరవాత భార్య వైపు తిరిగారు. "నిన్నెవరు ఆపమన్నారు? రేపు ఊరు దాటి వెళ్ళాలా వద్దా? ఏడవకు, అద్దం కనపడదు."