మేక బావిలోకి తొంగిచూసిన సినిమా

ఆ ఆదివారం పులివెందులలో మా అక్కను ఆమె మనవరాలి ముందే అబద్ధాలకోరును చేశాను. అప్పుడు అది తప్పని తోచలేదు. తెలిసింది చెబుతున్నాననే అనుకున్నాను.

మా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో టీవీ, వీడియో డెక్కు బాడుగకు తెచ్చుకునేవాళ్లం. ఒకసారి క్యాసెట్ల అంగడాయన మేం అడిగింది లేదని, గుడ్డబొమ్మలతో తీసిన ఇంగ్లీషు సినిమా ఒకటి ఇచ్చి పంపాడు. మా వీధిలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. అప్పుడు అక్క టీవీ పక్కన కూర్చొని కథ చెప్పడం మొదలుపెట్టింది. ముసలి మేక ఒకటి వీపున పెట్టె కట్టుకొని, పిల్లల్ని వెంటేసుకొని ఊళ్లు తిరుగుతుంది. పెట్టెలో శనక్కాయ విత్తనాలున్నాయని, నీళ్లున్న చోటు కోసం వెతుకుతున్నాయని అక్క చెప్పింది. మేమంతా నమ్మాం. మేక బావిలోకి తొంగిచూస్తే, "నీళ్లుండాయా?" అని మా అమ్మే ఆత్రంగా అడిగింది.

ఇన్నేళ్లకు ఆ సినిమా డిస్కు ప్రొద్దుటూరులోనే పాత సామాన్ల అంగట్లో దొరికింది. నా ప్లేయరు సంచిలో పెట్టుకొని, నేనుండే జమ్మలమడుగులో పులివెందుల బస్సెక్కాను. అక్క సంబరపడిపోయింది. మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకొని మళ్లీ కథ అందుకుంది.

"యాడికి పోతాంది జేజీ ఆ మేక?"

"నీళ్లు సూసేదానికి పోతాందిమ్మా. పెట్టెలో ఇత్తనాలుండాయి గదా."

తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పడుతున్నాయి. నేను ఊరుకోలేకపోయాను.

"ఇత్తనాలు కాదక్కా, దాంట్లో ఉండేది హార్మోనియం. అవి పాటలు పాడుకుంటా తిరిగే మేకలు. బావిలో గొంతు ఎట్ల మోగుతాదో సూస్తాంది, అంతే."

పాప నవ్వింది. "అయితే నువ్వు సెప్పిందంతా అబద్ధమా జేజీ?"

"నాకేం తెలుసమ్మా. సదువుకున్నోడు మీ తాత, ఆయన్నే అడుగు" అని అక్క లేచి వంటింట్లోకి పోయింది. మళ్లీ రాలేదు. మిగతాదంతా నేను చదివి వినిపించాను. సగంలోనే పాప ఆటకు పోయింది.

ఇంటికొచ్చాక మనసు నిలవలేదు. శబ్దం, కింది అక్షరాలు రెండూ తీసేసి మళ్లీ చూశాను. గుడ్డ మొహం, గుండీల కళ్లు. రెప్పలు లేవు, పెదవులు కదలవు. అయినా తల కొంచెం వంగితే చాలు, దిగులు కనబడుతోంది. బావిలోంచి తలెత్తిన మేక, పిల్లలవైపు తిరిగేముందు ఒక్క క్షణం ఆగింది. నీళ్లు లేవని ఎట్లా చెప్పాలా అని ఆగిందని ఆనాడు అక్క అన్నది. లోపలున్నది ఎవరిదో మనిషి చెయ్యేనని తెలిసినా, ఆ చోటునే వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాను. చివరిదాకా చూశాను. అక్క కథ ఎక్కడా ఆ బొమ్మల కదలికను తప్పలేదు. బడి మానిపించిన చిన్నపిల్ల, ముందెప్పుడూ చూడని సినిమాను చూస్తూ చూస్తూనే అంత కథ అల్లింది! అంతసేపు చదివి వినిపించిన నేను, మేక మొహం వైపే చూడలేదు.

మరుసటి ఆదివారం మళ్లీ పోయాను. ముందు పాపను పిలిచాను.

"మీ జేజి అబద్ధం సెప్పలేదమ్మా. సరిగ్గా సూడంది నేనే."

"ఏందిరా, మళ్లా పరీక్ష పెట్టేదానికి వచ్చినావా?" వంటింట్లోంచే అడిగింది అక్క.

"తప్పు నాదక్కా. నువ్వు సెప్తే ఇనాలని వచ్చినా."

"పోరా, నాకు శానా పనుండాది."

బతిమాలలేదు. శబ్దం, కింది అక్షరాలు లేకుండా సినిమా పెట్టాను. కాసేపటికి ఒక మేకపిల్ల దారి మధ్యలో చతికిలబడింది.

"ఎందుకు కూసునింది తాతా?"

"నాకు తెలీదు తల్లీ."

చేతులు తుడుచుకుంటూ అక్క గడప దగ్గరకొచ్చి నిలబడింది. తెరవైపు కాసేపు చూసింది.

"అలిగింది. వాళ్ల తాతకు మాటలెక్కువని."

పాప పకపకా నవ్వింది. నేను లేచి నా కుర్చీ అక్క ముందుకు జరిపి, పాప పక్కన కింద కూర్చున్నాను.