గోలు కొట్టినవాళ్ల గోడ

పోయిన గురువారం పొద్దున్న నేను పెరట్లో కూర్చుని చింతపండులో పిక్కలు తీస్తుంటే, రంగులు వేసే అతను సున్నం చేతులతో వచ్చి కంచె దగ్గర నిలబడ్డాడు. మా పెరటి కంచె దాటితే హాకీ ఆడే మైదానం, దాని చివర ఒంటి గది. ఆ గది గోడ మీద మా ఊరి హాకీ జట్టులో ఇన్నేళ్లుగా గోలు కొట్టినవాళ్ల పేర్లు ఉండేవి. పంద్రాగస్టు దగ్గర పడింది కదా, వానలకి వెలిసిపోయిన ఆ పేర్లు మళ్లీ రాయించాలని మా ఇంటాయన ఇతన్ని పిలిపించి, గోడ చూపించి, తను యూరియా కోసం ఆమదాలవలస వెళ్లారు. "అమ్మా, తప్పయిపోనాది" అన్నాడతను. "ముందు పేర్లు కాయితం మీద ఎక్కించుకోవాల. మర్సిపోయి గోడంతా గీకీసి సున్నం కొట్టీసినాను. ఎవుల్ని అడిగినా నిన్నే అడగమన్నారు. ఆ పేర్లు సెప్తావేటి?"

"కూకో, ముందు మజ్జిగ తాగు" అన్నాను.

ఊళ్లోవాళ్లు నా దగ్గరకి పంపడంలో వింతేమీ లేదు. మూడో తరగతితో నా బడి అయిపోయింది, ఇప్పటికీ బస్సు మీద పేరు చదవాలంటే బస్సు ఆగి ఉండాలి. కానీ చూసింది, విన్నది నా బుర్రలోంచి పోదు. ఎవరి పెళ్లిలో ఏ పంక్తికి పులుసు చాల్లేదో, ఎవరు అలిగి ఆకు ముందు నుంచి లేచిపోయారో, వాళ్లని ఎవరు బతిమాలి తెచ్చారో అడిగితే చెప్పగలను. ఆ గోడ మీద పదహారు పేర్లు. మూడో పేరు కింద రంగు కారి మీసంలా ఉండేది. పన్నెండో పేరులో ఒక అక్షరం తక్కువైతే ఆ మనిషి రెండు నెలలు మా గుమ్మం ఎక్కలేదు. ఆ తగువు తీర్చడానికి అక్షరాన్ని పైన ఇరికించి రాయించారు, పిట్ట వాలినట్టు. ఇవన్నీ నా కళ్లముందు ఉన్నాయి. మజ్జిగ గ్లాసు అతని చేతికిచ్చి, ఆ గోడకేసి చూశాను. తెల్లగా, శుభ్రంగా ఉంది. నేను ఈ ఇంటికి కాపురానికి వచ్చాక దాన్ని అంత బాగా ఎప్పుడూ చూడలేదు.

ఈ చుట్టుపక్కల ఎక్కడికెళ్లినా కబడ్డీ ఆడతారు, ఈమధ్య క్రికెట్టు. మా ఊరికి మాత్రం హాకీ తగులుకుంది. పక్క ఊరి మిషన్ బడిలో వెనకటికి ఒక డ్రిల్లు మాస్టారు ఉండేవారట. చింతకొమ్మలు నరికించి, కొస నిప్పుల మీద వంచి, ఆ కర్రలతోనే ఆట నేర్పారట. మా ఇంటాయన ఆయన శిష్యుడే. మాస్టారు పోయాక జట్టుకి ఈయన పెద్దయ్యారు, ఆ గది కట్టించారు, గోలు కొట్టినవాడి పేరు గోడ మీద రాయించాలని పద్ధతి పెట్టారు. అంతవరకూ బాగానే ఉంది. దాని వెనకే ఇంకో పద్ధతి వచ్చింది. ఏటా పంద్రాగస్టుకి రామతీర్థం వైపు నుంచి వచ్చే జట్టుతో మాకు పందెం ఉంటుంది. ఆ ఆటకి, గోడ మీద పేరున్నవాళ్లని ముందు పిలవాలి. ఊరికే కబురంపితే కుదరదు. ఈయన స్వయంగా ఇంటింటికీ వెళ్లి, ఆకు, వక్క, అరటిపండు చేతిలో పెట్టి, పెళ్లికి పిలిచినట్టు పిలుస్తారు. తాంబూలం పుచ్చుకున్న మనిషిని "నువ్వు ఈసారి కూర్చో" అనడానికి ఎవరికి నోరొస్తుంది? ఆ పదహారు మందిలో ముగ్గురు పోయారు, నలుగురికి మోకాళ్లు లేవు. మిగతా తొమ్మండుగురూ, తలలు నెరిసినా, పొట్టలు వచ్చినా, ఏటా వచ్చి ఆడతారు. వాళ్లంతా ఎప్పుడో గోలు కొట్టినవాళ్లు, అందుచేత అందరూ ముందే నిలబడతారు. వెనక నిలబడమంటే ఇంటికి పిలిచి వంటింట్లో అన్నం పెట్టినంత అవమానం.

ఇక గోలు కాసేది మా మరిది. నేను కొత్తకోడలిగా వచ్చేసరికి ఆయన అయిదేళ్లవాడు, అన్నం నా చేత్తోనే తినేవాడు. ఇరవై రెండో ఏట గోల్లో నిలబడ్డాడు. గోల్లో ఉన్నవాడు గోలెక్కడ కొడతాడు? గోడకి ఆయన పేరు ఎక్కే మార్గమే లేదు. కాళ్లకి కట్టుకునే ప్యాడ్లు ఎవరో రైల్వేవాళ్లు వాడి వదిలేసినవి. చినిగినప్పుడల్లా కొబ్బరిపీచు కూరి, పాత బొంత గుడ్డ వేసి కుట్టింది నేనే. తలకి మోటారు సైకిలు హెల్మెట్. ఆ వేషంలో ఇరవై రెండేళ్లు బురదలో నిలబడ్డాడు. అందులో చివరి తొమ్మిదేళ్లూ మా జట్టు ఓడింది. ఓడిన ప్రతిసారీ ఊళ్లో ఒకటే మాట, గోల్లో వాడు వదిలేశాడని. రెండేళ్లుగా ఆయన కుడి మోకాలు వాస్తోంది. "ఒక్కసారి గెలిస్తే సాలొదినా, ఈటిని విప్పీసి నీ సేతిలో పెట్టీస్తాను" అనేవాడు ప్యాడ్లు చూపించి. అంతకుమించి ఆయన ఏదీ కోరగా నేను వినలేదు.

పోయినేడు ఆటకి పది రోజుల ముందు, మా వాకిట్లోనే అన్నదమ్ములిద్దరికీ మాట పడింది. నేను తలుపు దగ్గర బియ్యం ఏరుతున్నాను.

"అన్నయ్యా, ఈసారి ఇద్దర్ని ఎనక పెట్టు" అన్నాడు మరిది. "ఎచ్చెర్లలో సదువుతున్న మనోళ్లిద్దరున్నారు. గోలు కొట్టీయాలని లేదు ఆళ్లకి. బంతి ఆపితే సాలనుకుంటారు."

"ఆళ్ల పేర్లు గోడ మీదున్నాయేటి?"

"ఎనక నిలబడ్డోడి పేరు గోడెక్కుతాదేటి అన్నయ్యా?"

"మరి ఎవుల్ని తియ్యమంటావు? బావనా? నిన్ననే ఇజీనారం ఎల్లి తాంబూలమిచ్చి వచ్చినాను. అది ఎనక్కి అడగమంటావేటి?"

బావ అంటే మా ఆడపడుచు భర్త, నాకు అన్నయ్య వరస. విజయనగరంలో దుకాణం. గోడ మీద మొదటి పేరు అతనిదే. ముప్ఫయ్యో ఏట ఒకే ఆటలో మూడు గోల్స్ కొట్టాడు, అది నేనూ చూశాను, నిజంగానే గాలిలా పరిగెత్తాడు. ఇప్పుడు అరవై దగ్గర పడ్డాడు. ఏటా భోజనాల దగ్గర ఆ మూడు గోల్సూ మళ్లీ కొడతాడు. ఆకులో ఉప్పు ఒకడు, ఆవకాయ ముక్క ఒకడు, అప్పడం తునక బంతి. వాటి మధ్య నుంచి అప్పడాన్ని వేలితో తోసుకుంటూ వెళ్లి పెరుగులో పడేస్తాడు. పక్కవాళ్లు ముద్ద ఆపి చూడాలి. మంచి మనిషే, మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోలేకపోయినా మొదటి రైలుకి దిగుతాడు. కానీ మంచి మనిషిని జట్టులోంచి తియ్యడం చెడ్డవాణ్ణి తియ్యడం కంటే కష్టం.

పంద్రాగస్టున జెండా ఎగరేశారు, పిప్పరమెంటు బిళ్లలు పంచారు, సన్నగా తుప్పర పడుతుండగా ఆట మొదలైంది. నేను కంచె ఇవతల పొయ్యిలు పెట్టి, పులుసుకి చింతపండు తీస్తూ కూర్చున్నాను. అవతలి జట్టులో ఎవరికీ పాతికేళ్లు దాటి ఉండవు, ఏ గోడ మీదా పేరున్న మొహాలు కావు. మావాళ్లు తొమ్మండుగురూ వెళ్లి వాళ్ల గోలు ముందు గుమిగూడారు. ఇటు వెనక రైసుమిల్లు డ్రైవరు ఒక్కడు. అతన్ని లెక్క సరిపోక ఆ పొద్దున్నే లాక్కొచ్చారు. అతని వెనక మా మరిది. మావాళ్లలో ఒకరికి బంతి దొరికితే ఇంకొకరికి అందించరు. అందిస్తే పేరు ఆ రెండోవాడిది అవుతుంది. ఎవరికి వారే కొట్టబోవడం, బంతి బురదలో కూరుకుపోవడం, అవతలివాళ్లు దాన్ని తీసుకుని ఇటు పరిగెత్తుకు రావడం. మా అన్నయ్య అక్కడే నడుం మీద చెయ్యి వేసుకుని, రైలు కోసం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డట్టు నిలబడ్డాడు. నాకు ఒళ్లు మండిపోయి, ఏమీ తోచక, మరిది ఒక్కో బంతి ఆపినప్పుడల్లా ఒక్కో చింతపిక్క కొంగులో వేసుకోవడం మొదలుపెట్టాను.

సగం ఆటకి మరిది నీళ్ల కోసం కంచె దగ్గరకి వచ్చాడు. హెల్మెట్ తీస్తే కళ్లు తప్ప అంతా బురదే. "ఒదినా, ఎనక్కి సూస్తే వల అగుపడతాది, ముందల సూస్తే మిల్లు డ్రైవరు అగుపడతాడు. ఇంకెవులూ అగుపడ్డం లేదు" అన్నాడు. నవ్వుతూనే అని, చెంబులో మిగిలిన నీళ్లు నెత్తిన పోసుకున్నాడు. నేను ఉండబట్టలేక మా ఇంటాయన్ని కేకేసి, "ఏటండీ, ఇద్దర్నైనా ఎనక్కి పంపరేటి?" అన్నాను. "ఒసే, నీకు ఆట తెలుసా? అన్నం ఉడికిందేమో సూడు" అన్నారు. అన్నం ఉడికింది. అంతకుముందే వార్చేశాను కూడా.

వాళ్లు నాలుగు గోల్స్ కొట్టారు. మాకు ఒక్కటీ లేదు. తొమ్మండుగురు గోలు కొట్టేవాళ్లు ఉండి, ఒక్కటి లేదు.

భోజనాల్లో మొదటి పంక్తిలో గోడ మీది పేర్లన్నీ వరసగా కూర్చున్నాయి. మరిది ఇంకా నూతి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు. మా అన్నయ్య పప్పు కలుపుకుంటూ, "మన ఆట బాగానే ఉన్నాది గానీ, ఆడు నాలుగు ఒదిలీసినాడు" అన్నాడు. అందరూ తలలూపారు. నా చేతిలో గరిటె ఆగిపోయింది. కొంగు ముడి విప్పి, చింతపిక్కలు అతని ఆకు పక్కన పోశాను. "ఏటమ్మా ఇవి?" అన్నాడు.

"మీరు సెప్పినవి ఒదిలినవి అన్నయ్యా. ఇవి ఆపినవి. పందొమ్మిది."

అతను పిక్కలకేసి, నాకేసి చూశాడు. కోపం రాలేదు. నిజంగా తెలియక అడిగినట్టే అడిగాడు: "ఆపినవి ఎవులు రాసుకుంటారమ్మా?"

నేను పిక్కలు ఏరి మళ్లీ కొంగున కట్టుకున్నాను. నూతి దగ్గర మరిది వినే ఉంటాడు. ఆ సాయంత్రం ప్యాడ్లు కడిగి, ఆరబెట్టి, మా వంటింటి వెనక మేకుకి తగిలించి, "ఇంక నావల్ల కాదొదినా" అని వెళ్లిపోయాడు. గెలిచి విప్పుతానన్నవాడు ఓడే విప్పాడు. ఏడాదయింది, అవి అక్కడే ఉన్నాయి. ఒకసారి వాటిలో ఎలుక పిల్లల్ని పెట్టింది. మా ఇంటాయన మొన్నీమధ్య ఎవరితోనో, "గోల్లో ఎవడో ఒకడు నిలబడతాడులే" అనడం నా చెవిన పడింది. ఇరవై రెండేళ్లని ఆయన అంత తేలిగ్గా అనేశారు.

రంగులతను గ్లాసు కింద పెట్టాడు. అదే సమయానికి మా మరిది ఉభాలకి, అదే వరినాట్లకి, నారుకట్టలు కావిడితో మోసుకుని, కుడికాలు కొంచెం ఈడుస్తూ కంచె పక్కనుంచి వెళ్తున్నాడు. ఆపి, సంగతి చెప్పి, "గోడ కాళీగా ఉన్నాదిరా, నీ పేరు రాయించీమంటావేటి?" అన్నాను. ఆయన తెల్లటి గోడకేసి ఒక్క చూపు చూశాడు. "వద్దొదినా. గోడెక్కితే తాంబూలమిస్తారు" అని, కావిడి భుజం మార్చుకుని సాగిపోయాడు.

రంగులతను పెన్సిలు చెవి మీంచి తీశాడు. "సెప్పమ్మా, మొదటి పేరేటి?"

పదహారు పేర్లూ నా నాలుక చివర నిలబడి ఉన్నాయి, వరస తప్పకుండా, మీసంతో సహా. "గుర్తు లేదు నాయనా" అన్నాను.

మధ్యాహ్నం మా ఇంటాయన యూరియా బస్తాతో వచ్చి గోడ చూసి నెత్తి పట్టుకున్నారు. కాగితం తీసి రాయడం మొదలుపెడితే అయిదో పేరు దగ్గర ఆగిపోయారు. వరస తప్పితే ఊరుకోరు, ఎవరి గోలు ముందో ఎవరిది వెనకో తగువులొస్తాయి. "నీకు గుర్తు లేకపోవడమేటే?" అన్నారు. "వయసైపోతన్నాది కదండీ" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషికి నేను అబద్ధం ఆడుతున్నానని తెలియదా? అయినా అడిగే ధైర్యం చేయలేదు. ఇవాళ్టికి వారం. గోడ తెల్లగానే ఉంది, తాంబూలాలకి ఈయన ఇంకా బయల్దేరలేదు. రేపో ఎల్లుండో విజయనగరం ఫోను చేస్తారు, మా అన్నయ్య మొదట తన పేరు చెప్తాడు, తర్వాత తోచినవి చెప్తాడు, మళ్లీ అన్నీ మామూలే కావచ్చు. నిన్న సాయంత్రం మాత్రం ఈయన కాఫీ తాగుతూ, ఎటో చూస్తూ, "ఎచ్చెర్లలో సదువుకునే ఆళ్లిద్దరూ సెలవుకి వస్తారేటి?" అన్నారు. "నన్నడుగుతారేటి, మీ తమ్ముణ్ణి అడగండి" అన్నాను. ఇంకా అడగలేదు.

ఇవాళ కాస్త ఎండ కాస్తే ప్యాడ్లు దింపి, దులిపి, కంచె మీద వేశాను. పొలం వెళ్తూ మరిది వాటిని చూశాడు, తియ్యమని మాత్రం అనలేదు. ఆ మనిషి ఇరవై రెండేళ్లు తన మీదకి వచ్చే బంతిని చూస్తూ నిలబడ్డాడు. మేమంతా ఎప్పుడో వలలో పడి ఆగిపోయిన బంతుల్ని చూస్తూ చూస్తూనే ముసలివాళ్లమైపోయాం.