నేను దిద్దిన ప్రధానమంత్రి

అమీర్‌పేటలో నేను పనిచేసిన డీటీపీ సెంటరు మెట్ల కింద ఒక చిన్న గది. పై అంతస్తుల్లో జావా, టెస్టింగ్ క్లాసులు. ఆ పిల్లల రెజ్యూమెలు, ప్రాజెక్టు రిపోర్టులు టైపు చేయడమే నా పని. రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. చేసి ఇదేం ఉద్యోగమని మావాళ్ళు అనేవారు. కానీ ఒంటిగంటకి ఇంటికెళ్ళి చంటిపాపకి పాలిచ్చి రానిచ్చే ఓనరు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ దొరకలేదు. పాపని పక్కింటి ఆంటీ బాగానే చూసుకునేవారు. అయినా పై నుంచి ఏ చప్పుడు వినిపించినా నాకది పాప ఏడుపులాగే ఉండేది.

మా ఓనరుది ఒకటే రూలు. "వాళ్ళు రాసింది ఉన్నదున్నట్టు కొట్టాలమ్మా. తప్పుంటే వాళ్ళది. సదువుకున్నవని నువ్వు దిద్దకు. ఒక్క కంప్లైంట్ వచ్చిందో, నీకూ నాకూ కుదరదు."

ఒకరోజు పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థి చేతిరాత కాగితాలు తెచ్చాడు. వాళ్ళ దేశపు మొదటి మహిళా ప్రధానమంత్రి జీవితం మీద పిహెచ్‌డీ. ఓనరుని 'అన్నా' అనేవాడు, నన్ను 'సిస్టర్' అనేవాడు.

రోజుకి పదిహేను పేజీలు కొట్టేదాన్ని. ఆమె తల్లి ఓడరేవు బజారులో పొగబెట్టిన చేపలు అమ్మేది. బట్టలకి చేపల వాసన వస్తోందని బడిలో ఈమెని చివరి బెంచీకి తోసేవారట. ఆ బడిలోనే టీచరైంది. తర్వాత లా చదివింది. బజారులో బుట్టలు పెట్టుకునే ఆడవాళ్ళ తరఫున వాదించడానికి బిడ్డని వీపుకి కట్టుకుని కోర్టుకి వెళ్ళింది. "బిడ్డని బయట వదిలి రా" అన్నాడు జడ్జి. "బయట ఎవరున్నారు?" అని అడిగిందట. ఆ పేజీ కొట్టాక రెండుసార్లు చదువుకున్నాను. ఆ మధ్యాహ్నం ఎండలో ఇంటికి నడుస్తుంటే మా సొంత మనిషి గురించి మంచి మాట విన్నట్టుగా ఉంది.

కార్మిక మంత్రి అయింది, తర్వాత ప్రధాని. అక్కడే నా తప్పు జరిగింది. నాలుగో అధ్యాయంలో మంత్రివర్గ సమావేశాలు అధ్యక్షుడు నడిపేవాడని రాశాడతను. పద్నాలుగు నెలలకి ఆమెని అధ్యక్షుడు ఒక్క ఉత్తరంతో తొలగించాడనీ రాశాడు. పార్లమెంటులో మెజారిటీ ఉన్న ప్రధానిని అలా ఎలా తీసేస్తారు? మంత్రివర్గాన్ని ప్రధాని నడపాలి, రాష్ట్రపతి సంతకం పెట్టాలి, నేను చదివింది అదే. పాపం పొరపాటున రాశాడనుకుని ఐదు చోట్ల సమావేశం నడిపే కుర్చీ ఆమెకి ఇచ్చేశాను. తొలగించడాన్ని రాజీనామాగా మార్చేశాను.

స్పైరల్ బైండింగ్ చేసిన కాపీ తీసుకెళ్ళిన రెండో రోజు అతను పరుగున వచ్చాడు. వారంలో సబ్మిషన్. నాలుగో అధ్యాయం ఎవరు రాశారని అతని గైడు అడిగారట.

"మా అమ్మాయి ఉన్నదున్నట్టే కొడ్తది భాయ్," అన్నారు ఓనరు. "నీ రాతనే గట్లుండొచ్చు. పోయి చూస్కో."

అతను తడబడ్డాడు. "అయ్యుండొచ్చు. రాతప్రతి రూములో ఉంది, చూసొస్తాను," అని వెనక్కి తిరిగాడు. నేను నోరు మూసుకుంటే ఆ గంట గడిచిపోయేది. ఒంటిగంట సెలవు గుర్తొచ్చింది. పాప గుర్తొచ్చింది.

"నేనే మార్చాను," అన్నాను.

ఓనరు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశారు. "ఎందుకు సిస్టర్?" అన్నాడతను. చెప్పాను. మా దగ్గర ప్రధాని అలా ఉండరని చెప్పాను. అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వాళ్ళ దగ్గర అధ్యక్షుడిని జనమే ఎన్నుకుంటారు, పైచేయి అతనిదే. ప్రధాని ప్రభుత్వాన్ని నడపాలి, పార్లమెంటుకి జవాబు చెప్పాలి, కానీ బల్ల చివర పెద్ద కుర్చీ మాత్రం ఆమెది కాదు. "మేము ఇవ్వని అధికారం మీరిచ్చారు," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. "ఒక్క ఉత్తరంతో తీసేస్తారని తెలిసీ ఆ పదవి ఎందుకు ఒప్పుకుంది?"

అతను జేబులోంచి పెన్ను తీసి నా ప్రశ్న రాసుకున్నాడు. "అది నేను రాయలేదు."

ఆ సాయంత్రం పంజాగుట్టలో ఐఎస్‌డీ బూతు నుంచి, ఆమె దగ్గర పనిచేసిన తన పాత మాస్టారికి ఫోన్ చేశాడట. మర్నాడు నాలుగు కొత్త పేజీలు తెచ్చాడు. బజారులో కూర్చునే ఆడవాళ్ళని నోటీసు లేకుండా లేపకూడదనే చట్టం కోసమే ఆమె ఆ పదవిలోకి వచ్చింది. ఉత్తరం వచ్చేలోపే దాన్ని పార్లమెంటులో గట్టెక్కించింది. ఆమెని తీసేశారు, చట్టాన్ని తీయలేకపోయారు. కింద చిన్న అక్షరాల్లో, ఈ ప్రశ్న హైదరాబాద్‌లోని ఒక పాఠకురాలు అడిగారని రాశాడు. ఆ లైను కొడుతుంటే నా వేళ్ళు రెండుసార్లు తప్పాయి.

ఓనరు నా భుజం మీదుగా చదివారు. "గీ పాఠకురాలెవరమ్మా?"

"నేనేనండీ."

ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. పని మానేసి వెళ్ళమంటారేమోనని రెండు రోజులు లోలోపల చస్తూనే ఉన్నాను. మూడో రోజు ఎవరిదో ఎం.ఫిల్. కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

"ముందు సదువు. డౌట్ వస్తే రాసినాయన్నే అడుగు. అడగకుండ మాత్రం ముట్టకు," అన్నారు. గోడ గడియారం చూసి, "ఒంటిగంటయింది, పో, పాప ఏడుస్తుంటది," అని కూడా అన్నారు.