బాబాయి కారు బ్యాటరీ కోసం గురజాల దాకా

మా పిన్ని పిత్తాశయంలో రాళ్ళకు నరసరావుపేటలో ఆపరేషన్ చేయించుకుని మా ఇంట్లోనే కోలుకుంటోంది. ఆపరేషన్ రోజు వచ్చి సాయంత్రానికే వెళ్ళిపోయిన బాబాయి మళ్ళీ రాలేదు. ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: పొద్దున్నే కారు స్టార్ట్ కావడం లేదు, రాత్రికి రాత్రే బ్యాటరీ దిగిపోతోంది, ఎందుకో తెలియడం లేదు. కుట్లు విప్పి ఇంటికి వెళ్ళొచ్చని డాక్టరు చెప్పినా పిన్ని కదల్లేదు.

"బస్సులు లేవా, ఆటోలు లేవా? రావాలని లేదు, అంతే. ఆ మనిషి వచ్చి తీసుకపోతే పోతా. లేకపోతే ఈడనే ఉంటాన్రా" అంది. అన్నం సగంలో వదిలేసి అటు తిరిగి పడుకుంది. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడే మనిషి అంత మెల్లగా అనేసరికి నాకు భయమేసింది.

ఐటీఐలో కరెంటు పాఠాలు చెప్పేవాణ్ణి కదా, ఆ బ్యాటరీ సంగతేదో తేల్చుకొస్తానని ఆదివారం మీటరు సంచిలో వేసుకుని బయల్దేరాను. నిజం చెప్పొద్దూ, బాబాయి మాట మీద నాకూ నమ్మకం లేదు.

పొద్దున ఏడు దాటాక మాచర్ల బస్సు ఎక్కాను. ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు సొంత బండి కన్నా బస్సే సుఖం, ఖర్చూ తక్కువ. కాకపోతే పిడుగురాళ్ళ వచ్చేసరికి కిటికీ దించుకోవాలి. అక్కడి సున్నం బట్టీల దుమ్ముకు వేపచెట్లు కూడా తెల్లగా ఉంటాయి. నేను మీటరు వైర్లు సర్దుకుంటుంటే పక్క సీటు పెద్దావిడ షుగరు చూసే మిషను అనుకుని వేలు చాపింది. బ్యాటరీలో సత్తువ ఎంతుందో చూసేదని చెప్పాను. "అయితే మా ఆయనకి పెట్టాల నాయనా. పొద్దస్తమానం మంచం దిగడు" అని వేలు వెనక్కి తీసుకుంది.

గురజాలలో దిగి బస్టాండు దగ్గరే టిఫిన్ చేశాను. ఇడ్లీ మెత్తగా ఉంది. పచ్చడి మాత్రం పొరుగూరి వాళ్ళు చూసి వేసుకోవాలి. షేరు ఆటోలో బాబాయి ఊరు అరగంట. దారికి రెండు పక్కలా నాపరాళ్ళు నిలువుగా పాతిన దడులు, మిరప కల్లాలు. ఆటో నిండాక కూడా ఇంకో ముగ్గురు ఎక్కారు, అదీ అలవాటే.

బాబాయి నన్ను చూసి సంతోషించాడు గానీ సంచిలో మీటరు చూసి ఆ సంతోషం కొంచెం తగ్గించుకున్నాడు. ముందు మజ్జిగ తాగమన్నాడు, తర్వాత భోంచేయమన్నాడు, ఆ తర్వాత ఎండగా ఉందన్నాడు. నేను బానెట్ ఎత్తాను. తాళంచెవి తీసి, తలుపులన్నీ వేసి, బ్యాటరీ మైనస్ వైరు ఊడదీసి మధ్యలో మీటరు పెట్టి కాసేపు ఆగాలి. నిలబెట్టిన బండి కూడా గడియారానికీ వాటికీ కాస్త కరెంటు తీసుకుంటుంది, అది మామూలే. అంతకు మించితే ఒక్కొక్క ఫ్యూజే తీస్తూ పోవాలి. ఏది తీస్తే ముల్లు పడుతుందో ఆ దారిలోనే దొంగ ఉన్నట్టు. ఇక్కడ ఫ్యూజుల దాకా పోనేలేదు, ముల్లు మామూలు దగ్గరే ఆగింది. బండి శుభ్రంగా ఉంది.

అంటే పిన్ని అన్నదే నిజమా? నాకు ఒళ్ళు మండింది. వైరు మళ్ళీ బిగిస్తుంటే బ్యాటరీ మొనల సీసం మీద కొత్త గాట్లు కనిపించాయి, ఎలుక కొరికినట్టు వరసగా.

"ఇవి దేని పళ్ళు బాబాయ్?" అన్నాను.

ఆయన కారెక్కమన్నాడు.

మొక్కజొన్న చేను ఊరికి దూరంగా గుట్ట కింద ఉంది. కంకులు పాలు పోసుకుంటున్నాయి. చేను మధ్య గుంజకు పెద్ద మైకు కట్టి ఉంది. గుడిసెలోంచి ఆంప్లిఫయరు తెచ్చి, దాని పళ్ళ క్లిప్పులు కారు బ్యాటరీకి తగిలించి, ఫోన్ దానికి కలిపాడు. ఒక్క క్షణం గరగర, ఆ వెంటనే గుట్ట మారుమోగేలా మా పిన్ని గొంతు.

"ఏందయ్యో, ఏడ చచ్చావ్? ఇంకా రాలేదేంది? కూడు చల్లారిపోతా ఉంది. వస్తావా, కర్ర తీసుకుని నన్నే రమ్మంటావా?"

చేలోంచి పిట్టలు గుంపుగా లేచాయి. ఎప్పుడో ఫోన్లో రికార్డు చేసి పంపిన తిట్టట. చేను తొక్కే అడవిపందుల్ని తరమడానికి ముందు తన గొంతే పెట్టాడట, రెండో రోజుకే లెక్కచేయడం మానేశాయి. పిన్ని గొంతుకు మాత్రం ఒక్కటీ చేలో అడుగుపెట్టలేదు. రాత్రిళ్ళు పొలానికి కరెంటు రాదు, అందుకని తెల్లవార్లూ కారు బ్యాటరీయే. పొద్దున బండి తోయించి స్టార్ట్ చేసుకుని ఇంటికి తెచ్చుకుంటాడట. ఆపరేషన్ రోజు రాత్రి మైకు లేక పందులు ఒక మూలంతా తొక్కేశాయి. అప్పట్నుంచి కదలాలంటే భయం.

ఆ మాటే పిన్నితో చెప్పొచ్చు కదా అన్నాను.

"నా కన్నా నీకు మొక్కజొన్న కంకులే ఎక్కువా అంటదిరా. అబద్ధం కాదుగా, బ్యాటరీ దిగేది నిజమే" అన్నాడు. క్లిప్పులు విప్పుతూ, "పందులు రాని రోజున కూడా ఆపబుద్ధి కాదు. అది ఇంట్లో లేకపోతే నాకు నిద్రపట్టదు" అన్నాడు.

తిరుగు ప్రయాణం ఆయన కార్లోనే. పిడుగురాళ్ళలో ఆగి మైకు కోసం వేరే బ్యాటరీ కొని డిక్కీలో పెట్టాం. పిన్నికి ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాడు, ఒక మాటా కుదర్లేదు. నాలుగింటికి నరసరావుపేట చేరాం.

పిన్ని గోడవైపు తిరిగే ఉంది. బండికి ఏమైందని నన్నే అడిగింది. నేను బాబాయి వైపు చూశాను. ఆయన ఫోన్ తీసి నొక్కాడు. పిన్ని తన తిట్టు తాను చివరిదాకా విన్నది. బాబాయి తల వంచుకుని, రాత్రంతా ఇదే పెట్టుకుంటున్నానని మాత్రం చెప్పాడు.

పిన్ని మెల్లగా లేచి కూర్చుంది.

"మరి ఇయ్యాళ చేను కాడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"నన్నూ ఈడనే ఉంచి, నా గొంతూ ఈడకే తెస్తే పందులు ఊరుకుంటయ్యా? లే, పొద్దుగూకే లోపల పోవాల" అని చీర సర్దుకుంటూ చెప్పుల కోసం చూసింది.