కొల్లాపూర్ ఎండలో మంచుపువ్వు

మే నెల ఎండలో, మా విజయనగరానికి ఎంతో దూరాన, కొల్లాపూర్ దగ్గర నా కారు టైరు పంక్చరైంది. పంక్చర్ షాపాయన టైరు విప్పకముందే కారును వేపచెట్టు నీడలోకి తోయించి, మిగతా మూడు టైర్ల మీద తడి గోనెసంచులు కప్పాడు.

"టైరు గూడ మనిషి లెక్కనే సారూ, జర సల్లబడనియ్యాలె" అన్నాడు. నేను మాత్రం ఎండలోనే నిలబడ్డాను.

విప్పిన టైరు పక్కభాగాన అచ్చైన గుర్తు మీద వేలు పెట్టి, "గీ పువ్వేంది?" అని అడిగాడు.

"మంచు గుర్తు. అన్ని కాలాలకూ పనికొచ్చే టైరు. మంచులో కూడా జారదు" అన్నాను గొప్పగా.

ఆయన ఆకాశం వంక చూశాడు. నాకు సిగ్గేసింది. జర్మనీలో ఉండే మా తోడల్లుడు ఎండాకాలానికో జత, మంచుకో జత టైర్లు మారుస్తానని అత్తగారింట్లో అందరి ముందూ చెప్పినప్పటి నుంచి నాకు నిద్రపట్టలేదు. వెతికి వెతికి ఇవి తెప్పించాను. ఎందుకో ఆ పరాయి మనిషికి అదంతా చెప్పేశాను.

ఆయన రబ్బరును గోటితో నొక్కి చూశాడు.

"మెత్తగుంది సారూ, మా ఎండకు జల్ది అరుగుతది. గాయన మంచును జూసి కొన్నడు. మీరు గాయన్ను జూసి కొన్నరు."